ప్రాచీన దోమ

ప్రభుత్వానికి ఎవరి మీదైనా కోపం వస్తే భరించవచ్చు. ప్రేమ పుడితేనే కష్టం. కోపమైతే మూడు నెలలకో ఆరు నెలలకో ఇంకొకడి మీదికి మళ్ళుతుంది. ప్రేమకైతే కమిటీ వేస్తారు.

ఆ ఏడాది ప్రభుత్వం వారికి పాత వస్తువుల మీద ప్రేమ పుట్టింది. ఎందుకు పుట్టిందో ఎవరికీ తెలియదు. ఎవరో పెద్దాయన పరదేశం వెళ్ళి, అక్కడ అద్దాల బీరువాలో దాచిన పాత చెప్పుల జత చూసి, ఏం, మనకి మాత్రం చెప్పులు లేవా అని బాధపడ్డాడని ఒక కథ ఉంది. ఏమైతేనేం, 'ప్రాచీన ఉపకరణ పరిరక్షణ పథకం' అని ఒకటి దిగింది. ముప్పయ్యేళ్ళు దాటిన ఉపకరణం ప్రతి ఆఫీసులోనూ కనీసం ఒకటైనా ఉండి తీరాలి. లేకపోతే ఎందుకు లేదో వారంలోగా సంజాయిషీ ఇచ్చుకోవాలి.

ఇంకేముంది, జిల్లాలో గుమాస్తాలందరూ అటకలెక్కారు. ఒక ఆఫీసులో టైపు మిషను దొరికింది. ఇంకొక చోట తాళంచెవి పోయిన ఇనప్పెట్టె దొరికింది. మరొక ఆఫీసు వారు, మా దగ్గర ముప్పయ్యారేళ్ళ సర్వీసున్న గుమాస్తా ఒకడున్నాడు, పనికొస్తాడా అని పైకి రాశారు. కదిలేవి పనికిరావని జవాబొచ్చింది. అయితే ఇతను పనికొస్తాడని వాళ్ళు మళ్ళీ రాశారట.

కాకినాడలోని ప్రజా ప్రబోధ గానదళం ఆఫీసులో మాత్రం ఏమీ దొరకలేదు. ఉన్న ఒక్క ముసలి హార్మోనియాన్నీ చెదలు తినేశాయని పోయిన ఏడాదే పారేశారు. సూపరింటెండెంటు తాతాజీ గారు దాన్ని తలుచుకుని తలుచుకుని మూడు రోజులు కుమిలిపోయాడు. బతికున్నన్నాళ్ళూ దాని మొహం చూసిన పాపాన పోలేదు కానీ, పోయాక దాని విలువ తెలిసింది పాపం. నాలుగో రోజు పొద్దున ఆయన చూపు ఏలియా కాళ్ళ దగ్గరున్న పెట్టె మీద పడింది.

పాలపర్తి ఏలియా ఆ దళంలో గిటారు వాయిస్తాడు. యాభై ఏడేళ్ళవాడు, చర్చిలో చేయి తిరిగినవాడు, నోట్లో నాలుక లేనివాడు. దళం పనల్లా ఊరూరా తిరిగి, పిల్లలకి టీకాలు వేయించండి, చేతులు కడుక్కోండి, ఇంటి చుట్టూ నీళ్ళు నిలవనీయకండి అని పాటలు పాడి రావడం. ఒకప్పుడు పదకొండు మంది ఉండేవారు. రిటైరైనవాడు రిటైరవుతుంటే, పోయినవాడు పోతుంటే, ఆ ఖాళీలన్నీ 'పరిశీలనలో ఉన్నవి' అని చెబుతూ వచ్చారు. పరిశీలన అలా సాగుతూనే ఉంది. చివరికి ముగ్గురు మిగిలారు: పాడే భ్రమరాంబ, డోలకు వాయించే నూకరాజు, మన ఏలియా.

ముగ్గురితో పదకొండు మంది కచేరీ ఎలా నడుస్తోందంటే, ఆ పెట్టె పుణ్యం. జపాన్‌లో తయారైన పెట్టె అది. ముప్పై రెండేళ్ళ కిందట కాకినాడ రేవులో ఓడ దిగిన ఒక ఫిలిప్పీన్స్ నావికుడి దగ్గర ఏలియా కొనుక్కున్నాడు. గిటారు తీగ దాంట్లోకి వెళుతుంది, దాంట్లోంచి స్పీకరుకి వెళుతుంది. మధ్యలో అది శబ్దాన్ని ఏమైనా చేస్తుంది. సాగదీస్తుంది, నూరుతుంది, బావిలో పడేస్తుంది, మేడెక్కిస్తుంది. ఇలా మనం కలుపుకున్న శబ్దాల్ని దాచుకోవడానికి లోపల నలభై ఎనిమిది గదులున్నాయి. పోపుల పెట్టె లాంటిదే, కాకపోతే గదులెక్కువ. కాలితో మీట నొక్కి ఏ గది కావాలంటే ఆ గదికి వెళ్ళొచ్చు. వయొలిన్ నరసింహం రిటైరయ్యాక తొమ్మిదో నంబరు గదిలో వయొలిన్ లాంటిదొకటి వచ్చి చేరింది. ఆర్గన్ వాయించే ఆవిడ బదిలీ అయి వెళ్ళాక పద్నాలుగులో ఆర్గన్ వచ్చింది. ప్రభుత్వం ఒక్కొక్క ఉద్యోగం ఖాళీ ఉంచేకొద్దీ ఏలియా ఒక్కొక్క గది నింపుతూ పోయాడు.

ఇరవై ఒకటో గదిలో మస్తాన్ ఉన్నాడు.

షేక్ మస్తాన్ దళంలో భ్రమరాంబకి కుడిపక్కన కూర్చుని క్లారినెట్ వాయించేవాడు. ఊపిరితిత్తులు చెడి, ఇక ఊదితే ప్రాణానికే ముప్పని డాక్టరు చెప్పాక, రోజూ మధ్యాహ్నం రిహార్సల్ గదికి వచ్చి ఏలియా పక్కన కూర్చునేవాడు. ఉన్న ఊపిరంతా కూడగట్టుకుని ఒక్క స్వరం ఊదేవాడు. ఏలియా అదే స్వరం గిటారు మీద మీటి, పెట్టె మీది మరను అటూ ఇటూ తిప్పేవాడు. తీగ మీటగానే వచ్చే 'టక్' అనే మొదలుని కోసేసి, శబ్దం ఊపిరిలా నెమ్మదిగా లేచేట్టు చేశాడు. పైనున్న గలగలని తగ్గించి, కొంచెం గరుకు కలిపి, చుట్టూ చిన్న గదంత గాలి పెట్టాడు. మస్తాన్ కళ్ళు మూసుకుని విని, "ముక్కు ఎక్కువైంది బావా" అనేవాడు. మర్నాడు మళ్ళీ మొదలు. నాలుగు నెలలు ఇదే పని. ఒక రోజు ఏలియా మీటగానే మస్తాన్ ఏమీ అనలేదు. క్లారినెట్‌ని ముక్కలు విప్పి పెట్టెలో సర్దుకున్నాడు. "ఇంక నేనింటికెళ్ళిపోవచ్చు బావా" అన్నాడు. ఆ ఏడాదే పోయాడు. ఆఫీసులో అతను వాయించిన టేపులు ఇరవై దాకా ఉండేవి. వాటి మీద పెద్దల ఉపన్యాసాలు రికార్డు చేశారు. అంచేత మస్తాన్ ఊపిరన్నది ఈ భూమ్మీద ఎక్కడైనా ఉందంటే ఆ ఇరవై ఒకటో గదిలోనే ఉంది. ఆ సంగతి ఏలియాకి తెలుసు, భ్రమరాంబకి తెలుసు.

సొంత డబ్బుతో కొన్న పెట్టె ఆఫీసు సొత్తు ఎలా అయిందంటారా? గేటు వల్ల. బయటి వస్తువు ఆఫీసులోకి రావాలంటే ఒక పాసు, సాయంత్రం అదే వస్తువు బయటికి పోవాలంటే రెండు పాసులు, వాటి మీద మూడు సంతకాలు కావాలి. ఇరవయ్యేళ్ళ కిందట ఒక వానాకాలం, ఈ తిరుగుడు పడలేక, పెట్టెని స్టాకు రిజిస్టరులో రాయించేశాడు. అప్పట్నుంచి గేటు బాధ తీరింది. చాలా తెలివైన పని చేశానని అప్పట్లో అనుకున్నాడు కూడా.

పరిరక్షణాధికారి డాక్టర్ చిదంబరేశ్వర్ గారు రాజధాని నుంచి వచ్చారు. ఆయనకి డాక్టరేటు వచ్చింది రుబ్బురోళ్ళ మీద. పెట్టె చుట్టూ రెండుసార్లు తిరిగి, పొత్రం ఎక్కడుందని అడగబోయి ఆగినట్టే అనిపించింది. తరవాత నిబంధనలు చదివి వినిపించారు. నాలుగో నిబంధన ప్రకారం, ప్రాచీన ఉపకరణాన్ని కనుగొన్న స్థితిలోనే శాశ్వతంగా ఉంచాలి; దాని మర, మీట, మేకు, దేన్నీ ఎవరూ ఎప్పటికీ కదల్చరాదు; కదిల్చినవారిని ఉద్యోగం నుంచి తొలగించి పెన్షను నిలిపివేస్తారు. అయిదో నిబంధన ప్రకారం దాన్ని నిత్యం వాడాలి, ఎందుకంటే వాడుకలో లేనిది వారసత్వం కాదు, సామాను.

అంటే ముట్టుకోకుండా వాడాలన్నమాట. తాతాజీ గారికి ఇందులో ఇబ్బందేమీ కనిపించలేదు. ఆయన తన బుర్రని ముప్పయ్యేళ్ళుగా అలాగే వాడుతున్నాడు.

సీలు వేయడానికి లక్క కరుగుతుండగా ఏలియాకి ఒక సంగతి గుర్తొచ్చింది. ముందురోజు సామర్లకోట దగ్గర ఏదో ఊళ్ళో దోమల నివారణ నాటిక వేసి వచ్చారు. అందులో దోమాసురుడు ప్రవేశించేటప్పుడు రావడానికని అతను ముప్పయ్యేడో గదిలో ఒక శబ్దం చేసి పెట్టాడు. గిటారు మీద ఏం మీటినా అది చెవి పక్కన దోమ తిరిగినట్టే ఉంటుంది, కాకపోతే దున్నపోతంత దోమ. పెట్టె ఇంకా ఆ నంబరు మీదే ఉంది.

"ఒక్క నిమిషం సార్. ఒకటో నంబరుకి మార్చి పెట్టేత్తానండి, తరవాత సీలేసుకోండి" అన్నాడు.

చిదంబరేశ్వర్ గారు జాలిగా చూశారు. "మేము కనుగొన్న క్షణమున ఉపకరణము ఏ స్థితిలో ఉన్నదో అదియే దాని చారిత్రక స్థితి. నీవు మార్చినచో అది చరిత్రను దిద్దుట అగును" అన్నారు. ఆయన మాట్లాడినా ఫైలు చదివినట్టే ఉండేది.

మర మీద, మీటల మీద, మూత బిగించిన నాలుగు మరమేకుల మీద లక్క పడింది. జపాన్ అని రాసి ఉన్న చోట కూడా కొంచెం పడింది. అది ఒకందుకు మంచిదే అయింది, తరవాత ఎవరికీ ఇబ్బంది కలగలేదు. రిజిస్టరులో 'ప్రాచీన ధ్వని నం. 37 (దోమ)' అని రాసుకున్నారు.

ఆ మర్నాటి నుంచి దళం ఏం పాడినా దోమే. జిల్లా సమీక్షా సమావేశంలో ప్రార్థన గీతం ఎత్తుకోగానే అధికారులందరూ చేతులూ మెడలూ కొట్టుకోవడం మొదలుపెట్టారు. ముందు వరసలో కూర్చున్న చిదంబరేశ్వర్ గారు, గీతం ఆద్యంతమూ సభికులు ఎడతెగక కరతాళ ధ్వనులు చేసిరని నివేదికలో రాశారు. ఒక రిటైర్డు పెద్దమనిషి సంతాప సభలో రెండు నిమిషాల మౌనానికి ముందు శోకగీతం వాయించమన్నారు. వాయించాడు. పోయినాయన బావమరిది పక్కాయన చెంప మీద ఫెడీమని ఒకటిచ్చి, దోమ వాలిందండి, ఏమనుకోకండి అన్నాడు. మొక్కలు నాటే ఉత్సవానికైతే మునిసిపాలిటీ వాళ్ళు ఆ మోత విని పొగ మిషను తీసుకుని పరిగెత్తుకొచ్చారు. అరగంటసేపు వేదిక మీద ఎవరు ఎవరో కనిపించలేదు. భ్రమరాంబ దగ్గుతూ చరణం పూర్తి చేసింది. ప్రాచీన ధ్వని మీద పొగ వదలరాదని మునిసిపాలిటీకి ఆ వారమే తాకీదు వెళ్ళింది.

ఇవన్నీ చూసి ఎవరికైనా సిగ్గేస్తుందనుకుంటే పొరపాటు. రాజధాని పెద్దాయన ఒకరు విని, ఆహా, మన పూర్వీకుల ధ్వని విజ్ఞానం ఎంత గొప్పది అన్నారు. ఆ మాట పత్రికల్లో వచ్చాక ఇక దానికి తిరుగులేదు. మిగతా జిల్లాల దళాలు కూడా దోమ శబ్దం అలవరచుకోవాలని ఆదేశాలు వెళ్ళాయి. ఆ ఏటి రాష్ట్రోత్సవం ఆ ధ్వనితోనే ప్రారంభించాలని నిర్ణయించారు. ఏలియా భుజం మీద చెయ్యేసి ఫొటోలు దిగేవాళ్ళు ఎక్కువయ్యారు. వాళ్ళలో ఒక్కరైనా నీకు బాగుందా అని అతన్ని అడగలేదు.

ఇదంతా ఏలియా ఓర్చుకున్నాడు. రిటైర్మెంటుకి ఎనిమిది నెలలుంది, దోమతో గడిచిపోతుందిలే అనుకున్నాడు. అయితే ఒక పొద్దున పెట్టె ప్లగ్గులో పెట్టగానే దాని చిన్న గాజు కిటికీలో ఒక మాట వెలిగి ఆరింది. లోపలి బ్యాటరీ అయిపోవచ్చిందని ఆ గుర్తు.

రూపాయి బిళ్ళంత బ్యాటరీ అది. కరెంటు లేనప్పుడు ఆ నలభై ఎనిమిది గదుల్లో ఉన్నదంతా దాని మీదే బతుకుతుంది. అది చచ్చిపోయిన మర్నాడు పెట్టె తీస్తే అన్ని గదులూ ఖాళీ. ఏలియా ఇంతకుముందు రెండుసార్లు మార్చాడు. ప్లగ్గు తీయకుండా, కరెంటు పారుతుండగానే నాలుగు మేకులు విప్పి, పాతది లాగి కొత్తది పెట్టాలి. పది నిమిషాల పని. కానీ మేకుల మీద లక్క ఉంది. పోనీ రాత్రీ పగలూ ప్లగ్గులోనే ఉంచుదామంటే, పొదుపు పేరు చెప్పి ఆఫీసు మెయిన్ అయిదున్నరకల్లా కట్టేస్తారు. ఏ గదిలో ఏవేం ఎంతెంత కలిపాడో కాగితం మీద రాసుకున్నాడా అంటే అదీ లేదు. ఇంట్లో కూర వండేవాళ్ళు ఉప్పు కొలత రాసి పెట్టుకుంటారా? చెవితో తిప్పాడు, అంతే.

అర్జీ పెట్టాడు. నెల్లాళ్ళకి జవాబొచ్చింది: సదరు బ్యాటరీ వయస్సు తెలుపవలెను. తొమ్మిదేళ్ళని రాశాడు. మరో నెలకి ఇంకొక జవాబు: తొమ్మిది సంవత్సరముల బ్యాటరీ ప్రాచీన ఉపకరణము కాజాలదు కనుక ఈ కమిటీ పరిధిలోనికి రాదు, అది ముప్పది సంవత్సరములు నిండిన పిమ్మట తిరిగి దరఖాస్తు చేసుకొనవలెను. లెక్క ప్రకారం ఇంకా ఇరవై ఒక్క ఏళ్ళు ఆగాలి. అప్పటికి ఏలియా కూడా ప్రాచీనమై ఏ కమిటీ పరిధిలోకీ రాడు. మళ్ళీ రాశాడు. బ్యాటరీ అంటే ఏమిటో, శబ్దం దానివల్ల ఎలా పోతుందో బడిపిల్లలకి చెప్పినట్టు రెండు పేజీలు రాశాడు. పోయేది ప్రాచీన శబ్దమని ఎర్ర సిరాతో గీత గీశాడు. ఈసారి పైన కదలిక వచ్చింది, ఉపసంఘం వేశారు.

గాజు కిటికీలో ఆ మాట ఇప్పుడు రోజూ వెలుగుతోంది. భ్రమరాంబ చూసి చూసి ఒక మధ్యాహ్నం విసిగిపోయింది.

"గోటితో గీకితే రాలిపోద్దన్నయ్యా ఆ లక్క. ఎవుడు చూడొచ్చాడు? మీరు మార్చెయ్యండి, మళ్ళీ లక్క నేను కాచి పోత్తాను" అంది.

ఏలియా పెట్టె మీద చెయ్యి వేశాడు. తీసేశాడు. పెన్షను లేకపోతే ఇల్లెలా గడుస్తుందన్నాడు. ఉపసంఘం ఎలాగూ ఒప్పుకుంటుందన్నాడు. రూలంటే రూలే కదమ్మా అన్నాడు. నిజానికి భయపడ్డాడు, అంతే. జీవితమంతా గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డవాడికి ధైర్యం ఒక్క మధ్యాహ్నంలో ఎక్కణ్ణుంచి వస్తుంది? మస్తాన్ ఉంటే తనని నోటికొచ్చిన బూతులన్నీ తిట్టేవాడని అతనికి తెలుసు. అది తెలిసి కూడా లక్క గీకలేదు. ఆ సిగ్గు అతన్ని రోజూ తినేది.

చివరికి, పాత బ్యాటరీలో ఇంకా కాస్త ప్రాణం ఉండగానే, అనుమతి వచ్చింది. 'బ్యాటరీ పరివర్తన కార్యక్రమం' అని ఆహ్వాన పత్రిక కూడా వేశారు. కొబ్బరికాయ, వీడియో, అయిదుగురు సభ్యుల కమిటీ, వాళ్ళకి అయిదు శాలువాలు. చిదంబరేశ్వర్ గారు తమ చేత్తో లక్క తొలిచారు. ఏలియా స్క్రూడ్రైవరు పట్టుకుని కూర్చున్నాడు. ఆ క్షణంలో అతనికి ప్రభుత్వం మీద ఎక్కడలేని ప్రేమ కలిగిన మాట నిజం.

అప్పుడు కమిటీలో విద్యుత్ భద్రతాధికారి లేచాడు. విద్యుత్ ప్రవహించుచున్న ఉపకరణమును తెరచుట నిషిద్ధమన్నాడు. ముందు ప్లగ్గు తీయాలన్నాడు.

ఏలియా లేచి నిలబడ్డాడు. "ప్లగ్గు తీసి బ్యాటరీ లాగితే లోపలున్నయ్యన్నీ పోతాయండి. ఉండగానే మార్చాలండి. నేను రెండుసార్లు అలాగే మార్చానండి."

"అనగా రెండు పర్యాయములు నిబంధనను ఉల్లంఘించితివి" అని భద్రతాధికారి రాసుకున్నాడు.

ఏలియా తాతాజీ గారి వంక చూశాడు. తాతాజీ గారు కొబ్బరిచిప్పల వంక చూశాడు. ఏలియా చిదంబరేశ్వర్ గారి కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు. మనిషి ప్రాణము కన్న ధ్వని మిన్న కాదయ్యా అని ఆయన ఎంతో ఉదారంగా అన్నారు. పన్నెండు వోల్టులతో నడిచే పెట్టె అది, చీమని కూడా చంపలేదు. భద్రతాధికారి స్వయంగా వెళ్ళి ప్లగ్గు లాగాడు. పాత బ్యాటరీ తీశారు, కొత్తది పెట్టారు, మేకులు బిగించారు. సభ్యులు చప్పట్లు కొట్టారు. ఈసారి అవి నిజంగా చప్పట్లే.

ప్లగ్గు పెట్టి, సరిచూడమని ఏలియాకి చెప్పారు. ఒకటో నంబరు. ఉత్త గిటారు. రెండు. ఉత్త గిటారు. తొమ్మిదిలో వయొలిన్ లేదు. పద్నాలుగులో ఆర్గన్ లేదు. ఇరవై ఒకటికి వచ్చి ఒక తీగ మీటాడు. టక్ మంది. ఇంకోసారి మీటాడు. భ్రమరాంబ లేచి వరండాలోకి వెళ్ళిపోయింది. ఏలియా అక్కణ్ణుంచి నలభై ఎనిమిది దాకా ఒక్కొక్కటే నొక్కుకుంటూ పోయాడు, నొక్కమన్నారు కనుక. మస్తాన్ రెండోసారి చచ్చిపోయాడు, ఈసారి తన అర్జీ మీదే చచ్చిపోయాడు అనుకున్నాడు. ఏడుపు రాలేదు. ఒళ్ళంతా మండింది.

చిదంబరేశ్వర్ గారి ఆనందానికి మాత్రం హద్దు లేదు. "ఇది కనుగొన్న స్థితి కాదు, తయారైన నాటి స్థితి! కనుగొన్న స్థితి కన్న మిక్కిలి ప్రాచీనము. రాష్ట్రములో ఇట్టి పరిరక్షణ ఇదియే ప్రథమము" అని వీడియోలో చెప్పారు.

శాలువాలు కప్పడం అయ్యాక తాతాజీ గారు బెదురుతూ బెదురుతూ ఒక సందేహం అడిగాడు. వచ్చే వారం రాష్ట్రోత్సవం ప్రారంభానికి మరి దోమేదండీ?

అవును, దోమేది? ముప్పయ్యేడు కూడా ఖాళీ. ఆహ్వాన పత్రికల్లో దోమ ఉంది. పెద్దాయన ఉపన్యాసంలో దోమ ఉంది. కమిటీ అక్కడికక్కడే అత్యవసరంగా సమావేశమై, తప్పెవరిదో తేల్చే పని తరవాతికి పెట్టుకుని, తీర్మానం రాసింది. కళాకారుడు ఏలియా కమిటీ సమక్షంలో ప్రాచీన ధ్వని నం. 37ను పునరుద్ధరించాలి. అందునిమిత్తం మాత్రమే మర తిప్పడానికి అనుమతి. కమిటీ గుర్తించగానే మళ్ళీ సీలు. మిగిలిన నలభై ఏడు గదులూ తయారైన నాటి స్థితిలో శాశ్వతంగా ఖాళీగా ఉంటాయి.

ఏలియా పెట్టె ముందు కూర్చున్నాడు. దోమ చేయడం అతనికి పది నిమిషాల పని. చేసి ఇచ్చేస్తే గొడవ వదులుతుంది, ఇంటికి పోవచ్చు, నాలుగు నెలలాగితే పెన్షను. తీగ మీటాడు. 'టక్' మన్న ఆ మొదలు వినగానే అతని వేలు మర మీదికి వెళ్ళి దాన్ని కోసేసింది. దోమకి ఆ కోత అక్కర్లేదు. తను ఏం చేస్తున్నాడో అతనికి అప్పుడు తెలిసింది. దొరికితే ఉద్యోగం లేదు, పెన్షను లేదు. తెలిసే మర రెండో మెట్టుకి తిప్పాడు.

మొదటి గంట సభ్యులు శ్రద్ధగా విన్నారు. రెండో గంటకి టీలు, ఉప్మా వచ్చాయి. తరవాత ఆడదోమ పాడుతుందా మగదోమ పాడుతుందా అని చర్చ లేచి, అది చిన్న ఘర్షణ దాకా వెళ్ళింది. ఏలియా గలగల తగ్గించాడు, గరుకు కలిపాడు, ఎక్కువై తీసేశాడు. పక్కన కూర్చుని చెప్పేవాడు లేడు. నాలుగు నెలలు పట్టిన పని ఒక పూటలో ఎలా తెమలాలి? భ్రమరాంబ వరండాలోంచి లోపలికొచ్చి గోడకానుకుని నిలబడింది. కాసేపు విన్నది. ఆమె మొహం మారిపోయింది. మెల్లిగా వచ్చి అతని పక్కన నేల మీద కూలబడింది.

"కొంచెం లోపలికండి" అంది, ఎవరికీ వినపడకుండా. తిప్పాడు. "అంత కాదు. ఆయ్, అక్కడే. ఇప్పుడు ఊపిరి పెట్టండి."

నాలుగో గంట దాటాక ఏలియా ఒక స్వరం మీటి, దాన్ని లేవనిచ్చి, తల వంచుకుని ఉండిపోయాడు. భ్రమరాంబ ఏమీ అనలేదు.

చిదంబరేశ్వర్ గారు చెయ్యి తుడుచుకుంటూ వచ్చారు. ఇదియేనా అని అడిగారు. ఇదేనండి అన్నాడు ఏలియా. సభ్యులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆరు నెలలుగా ఆ దోమని పొగిడినవాళ్ళే అందరూ, విన్నవాడు మాత్రం ఒక్కడూ లేడు. భద్రతాధికారి, కొంచెం మెత్తగా ఉన్నట్టుంది అన్నాడు. ప్రాచీనమైన కొద్దీ మెత్తబడుట సహజము అని చిదంబరేశ్వర్ గారు కొట్టిపారేశారు. అయినా నిబంధన ప్రకారం సాక్షి ఒకరు కావాలి, పాత ధ్వనిని నిత్యం విన్నవారై ఉండాలి. అందరూ భ్రమరాంబ వంక చూశారు.

"ఈ ధ్వనిని నీవు గుర్తించితివా అమ్మా?"

"గుర్తుపట్టానండి. ఇరవై రెండేళ్ళు నా కుడిపక్కనే విన్నానండి."

ఇరవై రెండేళ్ళెక్కడివి, దోమ వచ్చి ఆరు నెలలే కదా అని కూడిక చేసేవాడు ఆ కమిటీలో లేడు. "దోమయేనా?" అన్నారు ఆయన.

భ్రమరాంబ ఏలియాని చూసింది. "దోమేనండి" అని చెంగుతో కళ్ళొత్తుకుని, చూపించిన చోట సంతకం పెట్టింది.

లక్క మళ్ళీ కరిగింది. మర మీద, మీటల మీద, నాలుగు మేకుల మీద పోశారు. చిదంబరేశ్వర్ గారు ఉంగరంతో ముద్ర వేసి, ఆనవాయితీ ప్రకారం నాలుగో నిబంధన చదివారు. ఈ స్థితిని శాశ్వతంగా ఉంచాలి, ఎన్ని ప్రభుత్వాలు మారినా, ఎవరు వచ్చినా ఎవరు పోయినా దీన్ని ఎవరూ ఎప్పటికీ కదల్చరాదు అని అందులో ఉంది.

ఏలియా చేతులు కట్టుకుని నిలబడి విన్నాడు. "అదింకోసారి చదవండి సార్" అన్నాడు.

తన నిబంధనని ఒక కళాకారుడు అంత ఇష్టంగా అడగడం ఆయన సర్వీసులో ఇదే మొదలు. చాలా సంతోషించి, కళ్ళజోడు సవరించుకుని, మొదటినుంచీ మళ్ళీ చదివారు.